ఫార్మాట్ అందరిదీ కావాలంటే ఏ లైసెన్స్ పెట్టాలి?

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్ళు ఫైల్ మేనేజర్ ఓపెన్ చేసి, వాట్సాప్ వాయిస్ నోట్స్ ఉండే ఫోల్డర్‌లోకి వెళ్ళండి. అక్కడ ఏదో ఒక ఫైల్ పేరు చివర చూడండి. చుక్క పెట్టి ‘ఓపస్’ అని ఉంటుంది. కనిపించిందా?

ఆ ఓపస్ అనేది ఒక ఆడియో ఫార్మాట్. దాన్ని వాడుకున్నందుకు ఎవరూ ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. రేపు మీరే ఒక యాప్ రాసి అందులో ఓపస్ పెట్టుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. బాగుంది కదా? కానీ ఇది దానంతట అది జరిగిపోలేదు. కొంతమంది కూర్చుని, వాదించుకుని, దీని మీద ఏ లైసెన్స్ పెట్టాలి అని తేల్చుకున్నాక జరిగింది. ఈరోజు టాపిక్ అదే. వినడానికి కాస్త బోరింగ్‌గా ఉంటుందని నాకూ తెలుసు. కానీ ఇది నాకు ఎందుకు అవసరమైందో చెబితే, మీరు కూడా చివరిదాకా ఉంటారని అనుకుంటున్నాను.

మా అమ్మమ్మ పాటలు బాగా పాడేది. సినిమా పాటలు కాదండి. తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు, పిల్లల్ని ఊపే పాటలు. 2015లో నేను కొత్త ఫోన్ కొనుక్కున్నప్పుడు, ఒక రికార్డింగ్ యాప్‌లో ఆవిడ చేత 23 పాటలు పాడించుకున్నాను. ఆ యాప్‌లో ఒక మంచి సౌకర్యం ఉండేది. పాట వింటూ, ఒక్కో లైను దగ్గర టాప్ చేసి, ఆ లైను టైప్ చేసుకోవచ్చు. నేను అమ్మమ్మ పక్కన కూర్చుని, అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా అడిగి, దాని అర్థం కూడా రాసుకున్నాను. రెండు వేసవి సెలవులు పట్టింది.

అమ్మమ్మ 2019లో పోయింది. తర్వాత ఏడాది నేను ఫోన్ మార్చాను. ఫైళ్ళన్నీ జాగ్రత్తగా కొత్త ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. కానీ ఆ యాప్ స్టోర్‌లో లేదు. తయారుచేసినవాళ్ళు ఆపేశారు. ఫైళ్ళు ఉన్నాయి, ఓపెన్ కావు. ఎందుకంటే అది వాళ్ళ సొంత ఫార్మాట్. లోపల ఏది ఎక్కడ ఉందో వాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

నా ఫ్రెండ్ ఒకడు ఆండ్రాయిడ్ డెవలపర్. వాడు రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని, ఆ ఫైళ్ళని బైట్లు బైట్లుగా విప్పి చూశాడు. 17 పాటల్లో గొంతు బయటికి తీయగలిగాడు. ఆరు పాటలు రాలేదు. నేను రాసుకున్న లైన్లూ అర్థాలూ అయితే ఒక్కటీ రాలేదు. అర్థాలు మళ్ళీ అడుగుదామంటే ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

అప్పుడు మొదలైంది మా పని. నేను, ఆ ఫ్రెండ్, జానపద పాటలు సేకరించే వాళ్ళ అక్క. ముగ్గురం. పాట, లైన్లు, అర్థం, ఏ ఊరు, ఎవరు పాడారు, ఎప్పుడు, ఇవన్నీ ఒకే ఫైల్‌లో ఉండాలి. ఆ ఫైల్ మా యాప్ పోయినా ఓపెన్ అవ్వాలి. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఒక జిప్ ఫైల్, అందులో ఓపస్ ఆడియో, లైన్ల టైమింగ్‌కి వెబ్‌వీటీటీ, వివరాలకి జేసన్. అంతే. ఈపబ్ పుస్తకాలూ, లిబ్రెఆఫీస్ వాడే ఓపెన్‌డాక్యుమెంట్ ఫైళ్ళూ కూడా లోపల జిప్పులే. అన్నీ ఉన్నవే తీసుకుని, ఏది ఎక్కడ పెట్టాలో ఒక పద్ధతి రాశాం. దాన్నే స్పెసిఫికేషన్ అంటారు. మనం ‘స్పెక్’ అనుకుందాం.

స్పెక్ అయిపోయింది. ఆ ఫైల్‌ని చదివే చిన్న కోడ్ లైబ్రరీ కూడా అయిపోయింది. ఇక ఇంటర్నెట్‌లో పెట్టేద్దాం అనుకున్నప్పుడు అక్క ఒక్క ప్రశ్న అడిగింది. “లైసెన్స్ ఏం పెడుతున్నారు?”

నేను చాలా తేలిగ్గా, “ఫ్రీయే కదా అక్కా, ఏమీ పెట్టకపోతే సరిపోతుంది” అన్నాను.

ఫ్రెండ్స్, చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఏమీ పెట్టకపోతే ‘అందరికీ ఫ్రీ’ అని కాదు అర్థం. మీరు ఏది రాసినా, రాసిన క్షణం నుంచే దాని మీద కాపీరైట్ మీదే. రిజిస్టర్ చేయక్కర్లేదు. మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 నాటిది, అందులో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన కిందకే వస్తుంది. కాబట్టి లైసెన్స్ లేని కోడ్ అంటే, గేటు తీసి ఉంది కానీ లోపలికి రమ్మని ఎవరూ పిలవని ఇల్లు. మర్యాద ఉన్నవాడు బయటే నిలబడతాడు. మీ కాలేజీ ప్రాజెక్టుల్ని ఊరికే అప్‌లోడ్ చేసి వదిలేసినవాళ్ళు ఒకసారి ఆలోచించుకోండి.

సరే, లైసెన్స్ పెట్టాలి. ఏది? దీని మీద మాకు దాదాపు నెల రోజులు గొడవ అయింది.

మా ఫ్రెండ్ మాట ఒక్కటే. జీపీఎల్. తెలియనివాళ్ళకి చెబుతాను. ఓపెన్ సోర్స్ లైసెన్సులు స్థూలంగా రెండు రకాలు. మొదటిది జీపీఎల్ లాంటివి. నా కోడ్ నువ్వు వాడుకో, మార్చుకో, అమ్ముకో కూడా. కానీ దాన్ని కలిపి తయారుచేసిన ప్రోగ్రామ్‌ని పదిమందికీ ఇస్తే, నీ కోడ్ కూడా ఇదే షరతు మీద వాళ్ళకి ఇవ్వాలి. దీన్ని కాపీలెఫ్ట్ అంటారు. రెండోది ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ లాంటివి. వాడుకో, మార్చుకో, నీ కోడ్ దాచుకున్నా పర్వాలేదు. మా కాపీరైట్ నోటీసూ లైసెన్సూ మాత్రం తీసేయకు. అంతే.

మావాడి బాధ నాకు అర్థమైంది. “ఒక కంపెనీ యాప్ మూసేసి మీ అమ్మమ్మ పాటల్ని మింగేసింది. ఇప్పుడు మనం రాసింది ఇంకో కంపెనీ తీసుకుని, లోపల పెట్టి తాళం వేసుకుంటుందా? కుదరదు” అన్నాడు. న్యాయమే కదా? నేను కూడా సరే అన్నాను. జీపీఎల్ పెట్టేశాం.

మూడు నెలలకి ఒక మెయిల్ వచ్చింది. పిల్లలకి కథలూ పాటలూ వినిపించే యాప్ తయారుచేసే ఒక చిన్న కంపెనీ, పేరు వద్దు లెండి. మా ఫార్మాట్ నచ్చిందట. వాళ్ళ దగ్గర వందల పాటలు ఉన్నాయట. కానీ మా లైబ్రరీ జీపీఎల్‌లో ఉంది కాబట్టి తమ యాప్‌లో కలపలేమన్నారు. కలిపితే యాప్ కోడ్ మొత్తం బయటపెట్టాలి. “మీరు మార్చలేకపోతే, మేం ఎంపీ3 పెట్టి, లైన్లకి మా సొంత ఫార్మాట్ ఒకటి చేసుకుంటాం” అని రాశారు.

ఆ చివరి వాక్యం చదివి నాకు ఒళ్ళు జలదరించింది. సొంత ఫార్మాట్. మళ్ళీ అదే గోతిలోకి. ఇంకెవరిదో అమ్మమ్మ.

అప్పుడు నేను పాత చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఇలాంటి సమస్య మాకంటే ముందు ఎవరికైనా వచ్చిందా అని. వచ్చింది. అచ్చం ఇదే.

1998లో ఎంపీ3 పేటెంట్లు ఉన్న జర్మనీ సంస్థ ఫ్రాన్‌హోఫర్, ఎంపీ3 ఎన్‌కోడర్లు రాసుకుంటున్న చిన్న డెవలపర్లకి ఉత్తరాలు పంపింది. లైసెన్స్ ఫీజు కట్టాలని. దానికి జవాబుగా క్రిస్ మాంట్‌గోమరీ అనే ప్రోగ్రామర్, తర్వాత ఆయనతో చేరినవాళ్ళు, ఆగ్ వోర్బిస్ అనే ఆడియో ఫార్మాట్ మీద పని చేశారు. ఎవరికీ రాయల్టీ అక్కర్లేని ఫార్మాట్. మొదట్లో దాని లైబ్రరీని ఎల్‌జీపీఎల్ కింద ఇచ్చారు. అంటే జీపీఎల్‌కి కాస్త మెత్తని చెల్లెలు. కానీ 2001లో దాన్ని బీఎస్‌డీకి మార్చారు. ఎవరైనా, ఏ కంపెనీ అయినా, ఏ ప్లేయర్‌లో అయినా పెట్టుకోవచ్చు అని.

ఇక్కడ ట్విస్ట్ వినండి. జీపీఎల్‌ని రాసిన మనిషి రిచర్డ్ స్టాల్‌మన్. ఆయన కాపీలెఫ్ట్ విషయంలో రాజీ పడడని అందరికీ తెలుసు. ఆ మార్పు సరైనదే అని ఆయనే ఒప్పుకున్నాడు. కారణం చాలా సింపుల్. వోర్బిస్ పోటీ ఎంపీ3తో. ఎక్కువ ప్లేయర్లలో వోర్బిస్ ఉంటేనే జనం ఎంపీ3ని వదులుతారు. లైసెన్స్ వల్ల ప్లేయర్లు చేసేవాళ్ళు వెనక్కి తగ్గితే, గెలిచేది ఎంపీ3యే. ఈరోజుకీ జీఎన్‌యూ వాళ్ళు లైసెన్స్ ఎంచుకోవడం మీద ఇచ్చే సలహాలో ఈ మినహాయింపు ఉంటుంది. మామూలుగా కాపీలెఫ్ట్ పెట్టండి, కానీ అడ్డంకులున్న ఫార్మాట్‌తో పోటీపడే స్వేచ్ఛా ఫార్మాట్ లైబ్రరీ అయితే వదులుగా ఉండే లైసెన్స్ పెట్టండి, అని. దానికి వాళ్ళిచ్చే ఉదాహరణల్లో ఒకటి ఆగ్ వోర్బిసే.

ఫలితం ఏమైంది? వోర్బిస్ 1.0 వెర్షన్ 2002 జులైలో వచ్చింది. ఎంపీ3ని ఓడించిందా అంటే, లేదు. కానీ స్పాటిఫై తన పాటలకి వోర్బిస్ వాడింది. ఎన్నో వీడియో గేముల్లో వోర్బిస్ ఉంది. దాని తర్వాతి తరమే ఓపస్, 2012లో ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చింది, దాని కోడ్ కూడా బీఎస్‌డీయే. అదే ఇప్పుడు మీ వాయిస్ నోట్‌లో ఉంది. ఎంపీ3 లైసెన్సింగ్ కార్యక్రమం మాత్రం 2017 ఏప్రిల్‌లో ముగిసింది, పేటెంట్ల గడువు తీరిపోతూ వచ్చాక.

ఇదంతా మా ఫ్రెండ్‌కి చెప్పాను. వాడు వెంటనే, “సరే, బీఎస్‌డీ పెట్టాం అనుకో. పెద్ద కంపెనీ ఒకటి తీసుకుని, రెండు సొంత ముక్కలు కలిపి, ఆ ముక్కలు తమ యాప్‌లోనే పనిచేసేలా చేస్తే? మన ఫార్మాట్ పేరుతోనే మన ఫార్మాట్‌ని చంపేస్తే?” అన్నాడు.

ఇది మంచి ప్రశ్న. ఇలా జరిగింది కూడా. ఎంఐటీలో పుట్టిన కెర్బరోస్ అనే లాగిన్ పద్ధతి ఉంది. దాని ప్రమాణంలో ఎవరైనా వాడుకోవడానికి ఒక ఖాళీ గడి వదిలారు. మైక్రోసాఫ్ట్ విండోస్ 2000లో ఆ గడిలో తన సొంత సమాచారం పెట్టింది. ఆ వివరాలు బయటపెట్టేటప్పుడు ఇది వ్యాపార రహస్యం అనే షరతుతో పెట్టింది. 2000లో దాని మీద పెద్ద గొడవే అయింది.

కానీ జాగ్రత్తగా చూడండి. ఇక్కడ జీపీఎల్ ఉంటే ఆగేదా? ఆగేది కాదు. జీపీఎల్ కాపాడేది కోడ్‌ని. ఫార్మాట్‌ని కాదు. కెర్బరోస్ ఎలా పనిచేయాలో చదివి, సొంతంగా కోడ్ రాసుకున్నవాడి మీద ఏ కోడ్ లైసెన్సూ పనిచేయదు. ఫైల్ లోపల ఏది ఎక్కడ ఉండాలి అనే పద్ధతి మీద కాపీరైట్ అంత తేలిగ్గా దొరకదు. కాపీరైట్ కాపాడేది రాసిన తీరుని, ఆలోచనని కాదు. యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2012 మేలో శాస్ ఇన్‌స్టిట్యూట్ కేసులో ఇదే తేల్చింది. ప్రోగ్రామ్ చేసే పని, ప్రోగ్రామింగ్ భాష, డేటా ఫైళ్ళ ఫార్మాట్, వీటికి ప్రోగ్రామ్ కాపీరైట్ వర్తించదని.

అంటే మేం నెల రోజులు కొట్టుకున్నది తప్పు తాళం గురించి! తలుపు ఇటుంటే, తాళం అటు వేస్తున్నాం.

అక్కడ నుంచి మా ఆలోచన మారింది. ‘ఒక ఫార్మాట్‌కి ఒక లైసెన్స్’ అనేది అసలు లేదు. ఫార్మాట్ అంటే నాలుగు వేరువేరు వస్తువులు. ఒకటి కోడ్. రెండు స్పెక్ అనే పత్రం. మూడు పేటెంట్లు. నాలుగు పేరు. ఒక్కోదానికి ఒక్కో జవాబు కావాలి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదట పేటెంట్లు, ఎందుకంటే దెబ్బ ఎక్కువ తగిలేది ఇక్కడే. మీరందరూ జిఫ్ మీమ్స్ పంపుకుంటారు కదా. జిఫ్‌ని 1987లో కంప్యూసర్వ్ అనే కంపెనీ తయారుచేసింది, అందరూ హాయిగా వాడుకున్నారు. కానీ అందులో వాడిన ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే కుదింపు పద్ధతి మీద యూనిసిస్ అనే ఇంకో కంపెనీకి పేటెంట్ ఉంది. 1994 డిసెంబర్ చివర్లో, జిఫ్ రాసే సాఫ్ట్‌వేర్‌లు ఇకనుంచి ఫీజు కట్టాలని చెప్పారు. ఏడేళ్ళ తర్వాత! దానికి కోపం వచ్చిన ప్రోగ్రామర్లు 1995లో మొదలుపెట్టి తయారుచేసిందే పీఎన్‌జీ. మీ స్క్రీన్‌షాట్లు చాలావరకు అదే. 1996 అక్టోబర్‌లో అది వెబ్ ప్రమాణాల సంస్థ సిఫార్సు అయింది. జిఫ్ మీద అమెరికా పేటెంట్ 2003 జూన్‌లో తీరిపోయింది.

దీన్నించి నేర్చుకోవాల్సింది ఏంటి? కాపీరైట్ అనుమతి ఇచ్చినంత మాత్రాన పేటెంట్ అనుమతి ఇచ్చినట్టు కాదు. మన దేశంలో కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పేటెంట్ ఇవ్వకూడదని పేటెంట్ చట్టం 3(కె) చెబుతుంది. కానీ ఫైల్ సరిహద్దులు దాటుతుంది కదండి. డల్లాస్‌లో ఉన్న మన తెలుగువాళ్ళు వాడే యాప్‌కి అమెరికా చట్టమే.

ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సుల్లో పేటెంట్ అన్న మాటే ఉండదు. 2004లో వచ్చిన అపాచీ 2.0లో మాత్రం స్పష్టంగా ఉంటుంది. ఈ కోడ్‌లో చేయి పెట్టిన ప్రతివాళ్ళూ, తాము చేర్చిన దానికి సంబంధించిన తమ పేటెంట్లని వాడుకోనిస్తారు. ఈ కోడ్ నా పేటెంట్‌ని ఉల్లంఘిస్తోందంటూ ఎవరైనా కేసు వేస్తే, వాళ్ళకి దక్కిన పేటెంట్ అనుమతి పోతుంది. అయితే ఒక పరిమితి ఉంది. సంబంధం లేని మూడోవాడెవడో యూనిసిస్‌లాగా ఊడిపడితే, అపాచీ అయినా ఏమీ చేయలేదు. అందుకే మేం కొత్త పద్ధతులేవీ కనిపెట్టలేదు. జిప్, ఓపస్, జేసన్. ఊరంతా నడిచిన బాటలోనే నడిచాం.

ఈ పేటెంట్ షరతు రాయడంలో పెద్దవాళ్ళు కూడా తడబడ్డారు. 2010 మేలో గూగుల్ వీపీ8 వీడియో కోడ్‌ని ఓపెన్ చేసినప్పుడు, బీఎస్‌డీ లైసెన్స్‌లోనే సొంత పేటెంట్ క్లాజు ఒకటి కలిపింది. దాంతో అది జీపీఎల్‌తో పొసగలేదు. తర్వాత నెలలోనే, మామూలు బీఎస్‌డీ వేరు, పేటెంట్ అనుమతి వేరు అని రెండుగా విడగొట్టాల్సి వచ్చింది. నీతి ఏంటంటే, లైసెన్స్‌ని సొంతంగా వండకండి.

దీనికి ఇంకో సరదా ఉదాహరణ. జేసన్‌ని వాడుకలోకి తెచ్చిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్, తన కోడ్ లైసెన్స్‌లో ఒక లైను అదనంగా రాశాడు. దీన్ని మంచికే వాడాలి, చెడుకి వాడకూడదు అని. చదివితే నవ్వొస్తుంది, మంచిమాటే కదా అనిపిస్తుంది. కానీ ఏది మంచి, ఏది చెడు, ఎవరు తేలుస్తారు? ఆ ఒక్క లైను వల్ల ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దాన్ని స్వేచ్ఛా లైసెన్స్ కాదంది. అపాచీ ఫౌండేషన్ 2016లో తమ ప్రాజెక్టుల్లో ఆ కోడ్ వాడొద్దంది. జేసన్ ఫార్మాట్‌కి మాత్రం ఏమీ కాలేదు, ఎందుకంటే వేరేవాళ్ళు సొంతంగా కోడ్ రాసుకున్నారు. చూశారా, కోడ్ వేరు, ఫార్మాట్ వేరు.

ఇక స్పెక్ పత్రం. ఇది కోడ్ కాదు, రచన. దీనికి క్రియేటివ్ కామన్స్ పెట్టొచ్చు. మన తెలుగు వికీపీడియాలో కింద కనిపించేది ఆ కుటుంబానిదే. మేం సీసీ బై 4.0 పెట్టాం. కాపీ చేసుకోండి, అనువదించుకోండి, మార్చుకోండి, మా పేరు చెప్పండి. కానీ ఇందులో ఒక కంత ఉంది. సీసీ బై గానీ, హక్కులన్నీ వదిలేసే సీసీ జీరో గానీ, పేటెంట్లని ఇవ్వవు. ఆ మాట వాటిలోనే రాసి ఉంటుంది. మా కోడ్ ముట్టుకోకుండా, స్పెక్ చదివి సొంతంగా రాసుకునేవాళ్ళకి అపాచీ రక్షణ కూడా అందదు. ఆ మధ్య ఖాళీని పూడ్చడానికి ఓపెన్ వెబ్ ఫౌండేషన్ వాళ్ళ ఒప్పందం ఒకటుంది. ఈ స్పెక్‌ని అమలు చేసేవాళ్ళ మీద మా పేటెంట్లతో రాము అని చెప్పే పత్రం. ముగ్గురం సంతకం పెట్టాం. “మనకి పేటెంట్లే లేవు కదరా, ఎందుకిది?” అన్నాను. అక్క అంది, “ఇది మనకోసం కాదు, రేపు నాలుగోవాడు చేరతాడు చూడు, వాడికోసం.”

చివరిది పేరు. మావాడి భయానికి అసలు మందు ఇక్కడుంది.

మార్కెట్‌లో కిలో రాయి చూశారు కదా. ఏ కంపెనీ అయినా రాళ్ళు పోసుకోవచ్చు. కిలో అనేది ఎవరి సొత్తూ కాదు. కానీ దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలంటే, సరిగ్గా తూగాలి. ఫార్మాట్ పేరు కూడా అంతే. కోడ్ తీసుకో, మార్చుకో. కానీ మా పేరు పెట్టుకోవాలంటే, మా పరీక్ష ఫైళ్ళు అన్నింటినీ సరిగ్గా చదవాలి. సొంత ముక్కలు కలిపావా? వేరే పేరు పెట్టుకో.

ఇది పనిచేస్తుందని రుజువు ఉంది. 1997లో సన్ మైక్రోసిస్టమ్స్, మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది. జావాకి సొంత మార్పులు చేసి, జావా అనుకూలం అనే గుర్తు పెట్టుకుంటున్నారని. కాంట్రాక్టు, ట్రేడ్‌మార్క్, ఆ దారిలో వేసింది. 2001 జనవరిలో రాజీ కుదిరింది. మైక్రోసాఫ్ట్ రెండు కోట్ల డాలర్లు కట్టింది, ఆ గుర్తు వాడడం మానేసింది. మన ఫాంట్లలో కూడా ఈ తెలివి ఉంది. మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. ఆ లైసెన్స్‌లో ఒక వెసులుబాటు ఉంటుంది. తయారుచేసినవాళ్ళు కావాలనుకుంటే ఫాంట్ పేరుని రిజర్వ్ చేసుకోవచ్చు. అప్పుడు అక్షరాలు మార్చి విడుదల చేసేవాడు పేరు కూడా మార్చాలి.

సో, మా తీర్పు ఇదీ. ఫైల్ చదివే, రాసే లైబ్రరీకి అపాచీ 2.0. స్పెక్‌కి సీసీ బై, దానితోపాటు పేటెంట్ ఒప్పందం. పేరుకి ఒక పేజీ నియమాలు, 40 పరీక్ష ఫైళ్ళు. మరి మావాడి జీపీఎల్? అదీ ఉంది. పాటలు రికార్డ్ చేసి లైన్లు రాసుకునే యాప్ మేం విడిగా చేశాం. దానికి జీపీఎల్ వెర్షన్ 3 పెట్టాం. అపాచీ 2.0 కోడ్‌ని జీపీఎల్ 3లో కలపొచ్చు, జీపీఎల్ 2తో అయితే కుదరదు, అది గుర్తుపెట్టుకోండి. లైబ్రరీ రోడ్డు లాంటిది, ఎవరి బండి అయినా తిరగాలి. యాప్ మా బండి. మా బండిని తీసుకెళ్ళి మార్చి పదిమందికీ ఇచ్చేవాడు, మార్పులు కూడా చూపించాలి. ఆ రోజు మావాడు నవ్వాడు, నెల రోజుల్లో మొదటిసారి.

దీనివల్ల మేం పోగొట్టుకున్నదీ ఉంది, దాచను. ఆ పిల్లల పాటల కంపెనీ మా లైబ్రరీ వాడుతోంది. మాకు తెలిసి వాళ్ళు దాన్ని బాగా వేగంగా మార్చుకున్నారు. ఆ మార్పులు మాకు ఇవ్వలేదు. ఇవ్వక్కర్లేదు కూడా, లైసెన్స్ మేమే అలా పెట్టాం. మావాడికి ఇప్పటికీ కాస్త మంట. కానీ వాళ్ళ యాప్‌లోంచి ఏ పాట ఎక్స్‌పోర్ట్ చేసినా, మా యాప్‌లో ఓపెన్ అవుతుంది. రేపు వాళ్ళు మూసేసినా అవుతుంది. మేం మూసేసినా అవుతుంది. నాకు కావాల్సింది అదే.

ఒక్క విషయం మిగిలింది, దీన్ని అక్క పట్టుబట్టి పెట్టించింది. ఫార్మాట్ ఓపెన్ అయితే లోపలి పాట కూడా ఓపెన్ అని కాదు. ఒక ఊళ్ళో ఒక పెద్దావిడ మన మీద నమ్మకంతో పాడుతుంది. ఆ గొంతుని ఎవరు వినొచ్చు, ఎవరు వాడుకోవచ్చు అనేది ఆవిడ చెప్పాలి. అందుకని ప్రతి ఫైల్‌లో అనుమతి అనే గడి తప్పనిసరి. అది ఖాళీగా ఉంటే, అర్థం ‘ఫ్రీ’ అని కాదు, ‘ముందు అడగండి’ అని. స్పెక్‌లో అది మూడో పేజీలోనే ఉంటుంది.

మీరు కూడా ఏదైనా చిన్నది తయారుచేస్తుంటే, గేమ్ సేవ్ ఫైల్ కావచ్చు, నోట్స్ యాప్ కావచ్చు, ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. నా కోడ్‌తో ఎవరేం చేయొచ్చు? నా పత్రంతో ఎవరేం చేయొచ్చు? పేటెంట్ సంగతేంటి? నా పేరు ఎవరు పెట్టుకోవచ్చు? ఉన్న లైసెన్సుల్లోంచే ఎంచుకోండి, సొంతంగా రాయకండి. డబ్బులు చేతులు మారే చోటైతే లాయర్ని అడగండి, నేను లాయర్ని కాదు.

ఇక యాప్‌లు వాడడం వరకే మీ పని అయితే, ఒక్క పని చాలు. ఈరోజు ఇంట్లో పెద్దవాళ్ళ గొంతు రికార్డ్ చేసే ముందు, ఆ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ బటన్ ఉందో లేదో చూడండి. నొక్కి, వచ్చిన ఫైల్‌ని ఇంకో యాప్‌లో ఓపెన్ చేసి చూడండి. ఓపెన్ అయితే రికార్డ్ చేయండి. కాకపోతే ఆ యాప్ వద్దు.

మా అమ్మమ్మ పాటలు 17 ఇప్పుడు కొత్త ఫార్మాట్‌లో ఉన్నాయి. లైన్లు మళ్ళీ రాశాను. అర్థాలు తెలియని చోట్ల గడి ఖాళీగా వదిలేశాను. మా పెద్దమ్మకి ఏమైనా గుర్తుంటుందేమో, వచ్చే ఆదివారం ఊరెళ్తున్నాను.

ఉంటానండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.